వాటాకు రాని మండువా

గోదావరి డెల్టా పట్టణాల్లో పాత ఇటుక ఇళ్లు వానకు కూలుతున్నాయా, మన చేతుల్లో కూలుతున్నాయా?

తణుకులో ఎక్కడ తవ్వినా రాయి తగలదు. పలుగు దిగినకొద్దీ నల్లమట్టి, దాని కింద ఒండ్రు, ఇంకాస్త దిగితే ఇసుక, నీళ్లు. గోదావరి వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన నేల ఇది. బండరాయి కావాలంటే ధవళేశ్వరం కొండల వైపో, మెట్ట వైపో బండి కట్టాలి. అందుకే డెల్టాలో పదికాలాలు నిలవాలనుకున్నవాటిని ఎక్కువగా మట్టిని కాల్చే కట్టారు. కోనసీమలో ఆదుర్రు తవ్వకాల్లో బయటపడ్డ బౌద్ధ స్తూపం ఇటుకదే. కామవరపుకోట దగ్గర గుంటుపల్లిలో కొండ ఉంది, గుహలూ తొలిచారు. అయినా అదే కొండ మీద స్తూపాలకీ చైత్యానికీ ఇటుకలు పేర్చారు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ ఇటుక వరసలను ఇవాళ వెళ్లినా చూడొచ్చు.

మరి తణుకు పాతవూళ్లోనో, పెనుగొండ బజారులోనో, పాలకొల్లు, నిడదవోలు, రాజమండ్రి ఇన్నీసుపేట వీధుల్లోనో ఉన్న ఇటుక ఇళ్లు? వాటిలో చాలావాటికి నూట యాభై ఏళ్లు కూడా లేవు. కూలిపోతున్నవి మాత్రం ఇవే.

అల్పపీడనం పట్టిన మర్నాడు పేపర్లో చిన్న వార్త వస్తుంది, ఫలానా వీధిలో పాత పెంకుటిల్లు కూలిందని. నేరం వాన మీదకు పోతుంది. నిజానికి ఆ ఇల్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే, ఏదో ఒక కాగితం మీద సంతకాలు పడిన రోజునో, గోడకు సిమెంటు పూత పూసిన రోజునో కూలడం మొదలెట్టి ఉంటుంది. వాన చివర్లో వచ్చి చెయ్యి వేసిందంతే.

కాలువ కట్టించిన ఇళ్లు

ఈ ఇళ్ల పుట్టుక తెలియాలంటే ఆనకట్ట దగ్గరకు వెళ్లాలి. 1832-33 నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఈ రెండు దెబ్బలకీ గోదావరి జిల్లా కుదేలైంది. పక్కనే నది పారుతుంటే తిండి గింజలు లేక జనం వలసపోయిన రోజులవి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఆ తర్వాత కాలువలు. విజ్జేశ్వరం దగ్గర తలుపులు దాటిన నీరు పశ్చిమ డెల్టా అంతా పాకింది. తణుకు మీదుగా గోస్తనీ కాలువ, అక్కణ్ణుంచి పంట బోదెలు. వానను నమ్ముకున్న చేలు కాలువను నమ్ముకున్నాయి. ధాన్యం మిగిలింది, మిగిలిన ధాన్యం అమ్ముకునే బజార్లు పుట్టాయి. ఒక తరం అప్పులు తీర్చుకుంది, ఒక తరం పొలం కొంది, ఆ తర్వాతి తరం ఇల్లు కట్టింది.

కాలువ అంటే నీటిపారుదలే అనుకుంటాం గానీ ఆ రోజుల్లో అదే రోడ్డు. పడవలు ధాన్యం తీసుకెళ్లేవి, వచ్చేటప్పుడు ఇంటి సామాను తెచ్చేవి. టేకు దుంగలను భద్రాచలం అడవుల నుంచి తెప్పలుగా కట్టి నది మీద వదిలేవారు, రాజమండ్రి దగ్గర ఒడ్డుకు లాగేవారు. డబ్బున్నవాళ్లు రంగూన్ టేకు తెప్పించుకునేవారు. కాకినాడ, కోరంగి రేవులకూ బర్మాకూ రాకపోకలు అంతగా ఉండేవి మరి. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి గుల్లసున్నం వచ్చేది. పైకప్పుకు మొదట్లో ఊరి కుమ్మరి చేసిన గూనపెంకు. తర్వాత మంగుళూరు పెంకు. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగుళూరులో పెట్టిన కార్ఖానాతో మొదలైన ఆ ఎర్ర పెంకు దక్షిణాది అంతా పాకి గోదావరి జిల్లాల ఊళ్లకే గుర్తయిపోయింది.

ఇటుక ఒక్కటే ఎక్కడి నుంచీ రానక్కర్లేకపోయింది. చేలో మట్టి, కాలువలో నీళ్లు, మిల్లులో ఊక. ఆవం పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

గోడల లెక్క

పల్లెల్లో జాగా ఉంది కాబట్టి నాలుగిళ్ల భవంతి కట్టారు. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, ముందు వీధి అరుగు, వెనక పెరడు, దాని వెనక గొడ్ల సావిడి, గాదెలు. పట్టణంలో అంత జాగా ఎక్కడిది? తణుకు, పెనుగొండ, పాలకొల్లు లాంటి వర్తకపు ఊళ్లలో ఇల్లు వీధి వైపు ఇరుకై, లోపలికి పొడుగ్గా సాగింది. ముందు అరుగు, అరుగు మీద పలకల తలుపుల కొట్టు, దాని వెనక సరుకు గది, ఆ తర్వాత చిన్న మండువా, దాని చుట్టూ కాపురం. పైన మేడ ఉంటే చెక్కమెట్లు. పక్కింటికీ మనింటికీ మధ్య ఒకటే ఉమ్మడి గోడ. వీధి పొడుగునా ఇళ్లన్నీ భుజం భుజం ఆనించుకుని నిలబడతాయి. ఈ ఉమ్మడి గోడ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాం.

గోడ మందం అడుగున్నర, కొన్నిచోట్ల రెండడుగులు. పగలల్లా ఎండ తాగినా ఆ వేడి లోపలి గదికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. మండువాలోంచి వేడిగాలి పైకి పోతుంటే వీధి వాకిలి నుంచీ పెరటి గుమ్మం నుంచీ కొత్తగాలి లోపలికి వస్తుంది. ముందు గుమ్మంలో నిలబడి చూస్తే పెరటి తలుపు దాకా అన్ని గుమ్మాలూ ఒకే వరసలో కనపడేది ఇందుకే. వాన పడితే నాలుగు కప్పుల నీళ్లూ మండువాలోకే జారుతాయి. అక్కణ్ణుంచి తూము గుండా బయటికి. కరెంటు రాని రోజుల్లో గాలి, వెలుతురు, నీళ్ల పారుదల, మూడింటికీ కలిపి ఒక్క ఏర్పాటు! ఇవాళ ఇంటికో ఏసీ పెట్టి, పట్టపగలు లైటు వేసుకుని, కారు పార్కింగులో మోకాలి లోతు నీళ్లు నిలిచినప్పుడు పాత మేస్త్రుల బుర్ర ఎంత పదునైనదో తెలుస్తుంది.

మేడలకు వేసిన మద్రాసు టెర్రస్ సంగతి వేరే చెప్పుకోవాలి. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో, సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం పోసి, బెల్లం నీళ్లూ కరక్కాయ రసం చిలకరిస్తూ రోజుల తరబడి దిమ్మిసలతో కొడతారు. ఒక వరసలో కూర్చుని, ఒక లయలో కొట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. గట్టిపడేదాకా ఆపకూడదు. ఇనుము ముక్క లేకుండా అలా వేసిన కప్పులు, పైన నీళ్లు నిలవనివ్వకుండా చూసుకుంటే, వందేళ్లు నిలిచాయి. శ్లాబు వేసి ముప్పై ఏళ్లకే చువ్వలు తుప్పు పట్టి పెచ్చులూడుతున్న మన అపార్టుమెంట్లను ఒకసారి తలెత్తి చూడండి.

ఈ వైభవం అందరిదీ కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగిళ్ల భవంతి భూమి ఉన్న కులాలది, డబ్బున్న వర్తకులది. వీధి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడి మాట్లాడాలో అందరికీ తెలిసిన రోజులవి. పెరటి గుమ్మం దాటి లోపలికి రాకూడని మనుషులు ఆ ఇంటి ధాన్యమంతా మోశారు. చిన్న వయసులో భర్త పోయిన ఆడపిల్ల పడమటింట్లోనో, వంటింటి పంచనో బతుకంతా వెళ్లదీసిన ఇళ్లు ఇవి. సున్నం గానుగ తోలినవాడి పేరు గానీ, దిమ్మిస కొట్టిన మనిషి పేరు గానీ ఏ గోడ మీదా లేదు. ద్వారబంధం మీద ఉన్నది యజమాని పేరూ, కట్టిన సంవత్సరమూ. పాత ఇల్లు నిలబడాలనడం పాత రోజులు మళ్లీ రావాలనడం కాదు. నిలబెట్టాల్సింది చేతిపనిని. ఆ పని ఎవరిదో కూడా చెబుతూ నిలబెట్టాలి.

కాగితం మీద కూలే ఇల్లు

ఒక మండువా ఇంటికి నలుగురు అన్నదమ్ములు అనుకోండి. పొలం గట్లు వేసి పంచుకోవచ్చు. బంగారం తూకం వేసుకోవచ్చు. ఇత్తడి బిందెల్ని కూడా లెక్కపెట్టుకోవచ్చు. మండువాను ఎలా పంచుతారు? మధ్యలో గోడ కడితే గాలి ఆగిపోతుంది, నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. కట్టారు కూడా. తూర్పు వాటా, పడమటి వాటా అని మండువా మధ్యలో ఇటుక గోడ లేపిన ఇళ్లు డెల్టాలో కొల్లలు. ఆ గోడతోనే ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. వాననీళ్లు ఎవరి వైపు పోవాలన్న దగ్గర తగువు, కోర్టు, వాయిదాలు. వాయిదాలు నడిచినన్నాళ్లూ పెంకు సర్దించేవాడు ఉండడు. ఒక వాటావాళ్లు తమ సగాన్ని పీకి డాబా వేసుకుంటే, మిగిలిన సగానికి దన్ను ఉండదు.

1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన, వారసత్వ చట్టానికి చేసిన రాష్ట్ర సవరణతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ వాటా వచ్చింది. 2005లో దేశమంతటికీ అదే చట్టమైంది. న్యాయం ఎన్నో తరాలు ఆలస్యంగా వచ్చింది, రావలసిందే. ఇబ్బంది హక్కులో లేదు, ఇల్లు కట్టిన తీరులో ఉంది. ఒక్క పొయ్యి, ఒక్క పెద్ద అన్న లెక్కతో కట్టిన ఇంటికి ఇప్పుడు ఎనిమిది మంది హక్కుదారులు. వాళ్లలో ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు బెంగుళూరులో, ముగ్గురు అమెరికాలో. మరమ్మతుకు ఎవరెంత వేసుకోవాలో తేలదు. అమ్మకానికి మాత్రం అందరి సంతకాలూ వారంలో దొరుకుతాయి. గజం రేటు చెప్పగానే ఇల్లు లెక్కలోంచి తప్పుకుంటుంది, జాగా మిగులుతుంది.

అమ్మకంలో ఇంకో లెక్క ఉంది. నిలబడ్డ ఇంటికి ధర లేదు, విప్పిన ఇంటికి ఉంది! టేకు స్తంభాలు, చెక్కుడు పని ద్వారబంధాలు, దూలాలు, పందిరి మంచం, భోషాణం, చివరికి ఇత్తడి గుబ్బలూ చిలకకొయ్యలూ కూడా విడివిడిగా అమ్ముడుపోతాయి. పాత కలప వ్యాపారి వచ్చి మొత్తం ఇంటికి గుత్తగా ధర చెప్పి, కూల్చే ఖర్చు తనే పెట్టుకుంటాడు. ఆ స్తంభాలు నగర శివార్లలో ఏ రిసార్టు వరండాలోనో, ఫామ్‌హౌస్ హాల్లోనో తేలతాయి. తమిళనాడులో చెట్టినాడు మేడలకు జరిగిందీ ఇదే. కారైక్కుడిలో పాత సామాన్ల దుకాణాల వీధే వెలిసింది. పండక్కి ఊరొచ్చి మండువా ముందు ఫొటో దిగే మనవళ్లే హైదరాబాద్ ఇంటికి 'పాతకాలం లుక్' కోసం ఎవరింటి స్తంభాలో కొంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

సినిమా వాళ్లకు ఈ ఇళ్లంటే మహా ప్రేమ. ఉమ్మడి కుటుంబం కథ అనగానే గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి వెతుక్కుంటూ వస్తారు. షూటింగు అద్దెతో కొన్ని ఇళ్లకు పెంకు మారింది, అదీ మంచిదే. ఒక్క పది రోజుల అద్దె మీద ఒక వీధి బతకదు.

సిమెంటు పూత

వాటాల సంగతి అందరికీ తెలిసిందే. సిమెంటు చేసే నష్టం మాత్రం చాలామందికి తెలియదు. తెలిసినా నమ్మరు, గట్టిదనేగా సిమెంటు వాడేది అంటారు. గొడవంతా ఆ గట్టిదనంలోనే ఉంది.

ఇటుక నేలలోని తడిని పైకి లాగుతుంది. డెల్టాలో నీరు ఎప్పుడూ చేతికందే లోతులోనే ఉంటుంది. కాలువలు కట్టేసే వేసవి నెలల్లో కాస్త దిగినా మళ్లీ వదలగానే పైకొస్తుంది. కాబట్టి ఇక్కడ గోడ అడుగు ఎప్పుడూ కొద్దిగా చెమ్మగానే ఉంటుంది, అది రోగం కాదు. సున్నం పూతలో కంటికి కనపడని సందులు ఉంటాయి. గోడ పీల్చిన తడి ఆ సందుల్లోంచి ఆవిరై బయటికి పోతుంది. తడితో పాటు వచ్చిన ఉప్పు సున్నం మీదే పేరుకుంటుంది, సున్నమే పొడిగా రాలుతుంది, లోపలి ఇటుకకు ఏమీ కాదు. ఏటా సంక్రాంతి ముందు ఇల్లంతా వెల్ల వేయించేవారు గుర్తుందా? రాలిపోయిన పొరను మళ్లీ వేయడమే అది. పండగ పేరుతో జరిగిన మరమ్మతు.

ఇప్పుడు ఆ గోడ మీద అంగుళం మందం సిమెంటు పూయండి. తడి బయటికి రాలేదు. రాలేక గోడలోనే పైపైకి ఎక్కుతుంది. అడుగు ఎత్తున ఆగాల్సిన చెమ్మ నడుం ఎత్తుకు, కిటికీ ఎత్తుకు వస్తుంది. ఉప్పు సిమెంటు వెనకే, ఇటుక లోపలే గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. నాలుగైదేళ్లకు పూత పలకలు పలకలుగా ఊడిపడుతుంది, దాంతో పాటు ఇటుక ముఖమూ ఊడి వస్తుంది. యజమాని ఏమనుకుంటాడు? 'పాత గోడ, పస లేదు' అనుకుని ఇంకాస్త చిక్కగా సిమెంటు కొట్టిస్తాడు, పైన ప్లాస్టిక్ రంగు వేయిస్తాడు, నడుం ఎత్తు దాకా టైల్స్ అంటిస్తాడు. తడి దూలం కొసకు చేరుతుంది. గోడలో దూరి ఉన్న ఆ కొస చీకటిలో మెత్తబడుతుంది, చెద పడుతుంది. ఓ రాత్రి దూలం దిగిపోతుంది.

రోడ్డు పాపమూ ఇందులో ఉంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే తారు, ఆ తారు మీద సిమెంటు రోడ్డు. ఇలా పొర మీద పొర వేస్తూ పోతే మూడు మెట్లెక్కి చేరే అరుగు ఇవాళ రోడ్డుకు సమానంగా ఉంటుంది, కొన్నిచోట్ల రోడ్డే ఎత్తు. మండువా నీళ్లు బయటికి పోవాల్సిన తూములోంచి వీధి నీళ్లు ఇంట్లోకి వస్తాయి. ఊళ్లో రోడ్డు వేయించినవాళ్లకు దండలు వేశాం గానీ, పాత పొర తీసి వేయండి అని అడిగినవాళ్లం ఎంతమందిమి?

ఇక ఉమ్మడి గోడ. పక్క జాగాలో పాత ఇల్లు పడగొట్టగానే అన్నాళ్లూ లోపలి గోడగా ఉన్నది బయటి గోడైపోతుంది, వాన సూటిగా కొడుతుంది. అపార్టుమెంటు పునాదికి గొయ్యి తవ్వి, మోటార్లతో రాత్రింబవళ్లు ఊటనీళ్లు తోడేస్తుంటే పక్కనున్న పాత పునాది కింద మట్టి కుంగుతుంది. గోడకు నిలువునా చీలిక. మున్సిపాలిటీ వచ్చి శిథిల భవనం అని నోటీసు అంటిస్తుంది. పక్కవాడి గొయ్యి వల్ల వచ్చిన చీలికకు పాత ఇంటిది తప్పు!

చట్టం చూసేది ఎవరిని

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇల్లు నిలబడి ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు అది. ఆయన ఇంటిని రాష్ట్ర పురావస్తు శాఖ స్మారకంగా కాపాడుతోంది. సంతోషం. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం ఉన్నది ఇలాంటి వాటి కోసమే. గొప్పవాళ్లు పుట్టిన ఇళ్లూ, గుళ్లూ, కోటలూ ఆ జాబితాకు ఎక్కుతాయి. నన్నయ మా ఊరివాడేనని తణుకు చెప్పుకుంటుంది. బాలగంగాధర తిలక్ పక్కనున్న మండపాకలో పుట్టాడని గర్వపడుతుంది. 1947లో మొదలైన ఆంధ్రా షుగర్స్‌ను చూపిస్తుంది. ఎవరో ఒక బియ్యం వర్తకుడు, ఎవరో ఒక ప్లీడరు గుమాస్తా కాపురమున్న వీధి ఏ జాబితాకూ ఎక్కదు. ఒక్కో ఇల్లు విడిగా గొప్పది కాకపోవచ్చు, పాతిక ఇళ్లు వరసగా ఉంటే అదే గొప్ప. చట్టానికి ఇంకా వీధిని చూసే చూపు రాలేదు.

పుదుచ్చేరికి వచ్చింది. అక్కడి తమిళుల పేటలో వైశ్యాళ్ వీధి అని ఉంది. మన అరుగు లాంటి తిన్నె, దాని మీద పెంకు వసారా, లోపల మండువా. ఇంటాక్ సంస్థ, ప్రభుత్వం, ఐరోపా సమాఖ్య నిధులు కలిసి ఆ వీధి ముఖాన్ని ఇంటింటికీ బాగుచేశాయి. ఇళ్లు ఇళ్లుగానే ఉన్నాయి, మనుషులు అక్కడే కాపురం ఉన్నారు. 2008లో ఆ పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. అదే పుదుచ్చేరిలో పట్టించుకోకుండా వదిలేసిన ఫ్రెంచి కాలపు పురపాలక భవనం 2014 వానలకు కుప్పకూలింది. మళ్లీ అచ్చు అలాగే కట్టడానికి ఏళ్లు పట్టింది, కోట్లు పట్టాయి. గోదావరి ఒడ్డునున్న యానాం కూడా ఆ పుదుచ్చేరి ప్రభుత్వం కిందిదే. పాఠం నేర్చుకోవడానికి మనం మరీ దూరం వెళ్లక్కర్లేదన్నమాట.

అహమ్మదాబాద్ పాతనగరం 2017లో దేశంలోనే మొదటి ప్రపంచ వారసత్వ నగరమైంది. అక్కడ పోళ్లు అనే పాత వాడల్లోని ఇళ్ల యజమానులు తమ ఇంటి మీద కట్టుకోగలిగిన అంతస్తుల హక్కును, ఇల్లు బాగుచేసినందుకు ప్రతిఫలంగా, ఊరి వేరే చోట కట్టేవాళ్లకు అమ్ముకోవచ్చు. టీడీఆర్ అంటే అదే. ఆ మాట తణుకుకు కొత్తది కాదు. కొన్నేళ్ల కిందట ఇక్కడ టీడీఆర్ బాండ్ల జారీలో అక్రమాలంటూ పెద్ద గొడవై రాష్ట్రమంతా తెలిసింది. ఖాళీ జాగాలకు బాండ్లు ఎలా ఇవ్వాలో అంత బాగా తెలిసిన ఊళ్లో, నిలబెట్టుకున్న పాత ఇంటికి ఒక్క బాండు నిజాయితీగా ఇస్తే తప్పేముంది? కనీసం ఇంటిపన్ను మినహాయించవచ్చు. రోడ్డు వెడల్పు గీత గీసేటప్పుడు అరుగుల వీధిని ఒక్కదాన్ని వదిలి పక్క వీధిలోంచి లారీలను పంపవచ్చు.

న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు వారాంతానికి నది దాటి బ్రూక్లిన్ హైట్స్‌కు వెళ్లి ఎర్ర ఇటుక ఇళ్ల వరసల ముందు ఫొటోలు దిగుతారు. ఆ పేట ఊరికే మిగల్లేదు. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ భవనాన్ని 1963లో పడగొట్టడం మొదలుపెడితే జనం భగ్గుమన్నారు, 1965లో వారసత్వ భవనాల చట్టం వచ్చింది. ఆ ఏడే ఆ చట్టం కింద మొదటి వారసత్వ పేటగా నమోదైంది బ్రూక్లిన్ హైట్సే. అంతకు ముందు ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగింది ఆ ఇళ్లలో కాపురమున్నవాళ్లే. సర్కారు తర్వాత వచ్చింది.

మన దగ్గర యజమానులకు వారసత్వం అన్న మాట వింటేనే భయం. జాబితాలో పేరెక్కితే మేకు కొట్టుకోడానికి కూడా అనుమతి కావాలేమో, అమ్ముకోనివ్వరేమో అని. ఆ భయం వట్టిది కాదు. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణం కుదరదన్న నిబంధనతో ఇబ్బంది పడినవాళ్లను అందరూ చూశారు. అందుకని సర్వే వాళ్లు వస్తున్నారని తెలిస్తే రాత్రికి రాత్రే అరుగు పగలగొట్టే రకం కూడా ఉంటారు. భయపెట్టే చట్టం కంటే చేతిలో పదివేలు పెట్టి పెంకు సర్దుకోమనే పథకం ఎక్కువ ఇళ్లను నిలబెడుతుంది.

అన్నీ నిలబెట్టాలని నేను అనను. చెద తిన్నవి, పునాది కుంగినవి, మనుషుల ప్రాణం మీదకు తెచ్చేవి పోవలసిందే. ప్రతి మండువానూ రిసార్టు చేసి, గుమ్మంలో పంచెకట్టు కుర్రాణ్ణి నిలబెట్టి, వచ్చినవాళ్లకు పూతరేకులు పంచడం కూడా నాకు రుచించదు. ఊరికి రెండు వీధులు చాలు, మనుషులు కాపురమున్నవి. ఒకటి గ్రంథాలయం కావచ్చు, ఒకటి పిల్లల డాక్టరు ఆస్పత్రి కావచ్చు. ఆ వరసలో కిరాణా కొట్టు కిరాణా కొట్టుగానే ఉండనివ్వాలి.

ఇల్లున్నవాళ్లకు

నిలబెట్టుకోవాలన్న మనసుంటే ముందు కప్పు చూడండి. జారిన పెంకు ఒక్కటి సర్దడానికి ఒక పూట చాలు. సర్దకపోతే దూలం పోతుంది. గోడలో మొలిచిన రావిమొక్కను చిన్నగా ఉండగానే వేరుతో తీయించండి. రావిని కొట్టకూడదన్న సందేహం ఉంటే మట్టితో సహా తీసి చెరువు గట్టున నాటించండి, గోడలో మాత్రం ఉంచొద్దు. మండువా తూము పూడిక తీయించండి. చెమ్మ ఎక్కిన గోడ మీది సిమెంటు పూతను గీకించి, ఒక వేసవి ఆరనిచ్చి, సున్నమే పూయించండి. సున్నం పని చేసే మేస్త్రులు తగ్గిపోయారు గానీ పూర్తిగా పోలేదు. పాత గుళ్ల మరమ్మతులు జరిగేచోట వాకబు చేస్తే దొరుకుతారు. దూలం కొస మెత్తబడితే దూలమంతా మార్చక్కర్లేదు, పాడైన కొస కోసి కొత్త టేకు అతికే వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. వాటాల సంగతి తేలకపోతే, తేలేదాకా కప్పు ఖర్చు మాత్రం ఉమ్మడిగా పెట్టుకుంటామని ఒక కాగితం రాసుకోండి.

అమ్మక తప్పని పరిస్థితే వస్తే, కలప వ్యాపారి గడప తొక్కకముందు ఇంకొకరిని పిలవండి. విజయవాడలో కేంద్ర ప్రభుత్వ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ స్కూలు 2008 నుంచి ఉంది. పాత కట్టడాల సంరక్షణ మీద అక్కడ పీజీ కోర్సు కూడా నడుస్తోంది. అక్కడికో, దగ్గర్లోని ఏ ఆర్కిటెక్చర్ కాలేజీకో ఒక ఉత్తరం రాసి, మా ఇంటికి కొలతలు తీసి బొమ్మ గీయించమని అడగండి. గోడ మందం, మండువా కొలత, దూలాల వరస, ద్వారబంధం మీది సంవత్సరం, కట్టిన మేస్త్రి పేరు ఇంట్లో పెద్దవాళ్లకు తెలిస్తే అదీ రాయించండి. ఆ కాగితాలు ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో ఉంచండి. కూల్చే తేదీ ఆ తర్వాత పెట్టుకోండి.